మోడల్ రైలు పాయింట్లు తిప్పడానికి ఏది మేలు: కాయిలు, టార్టాయిస్, సర్వో, సైకిలు స్పోకు

కృష్ణా కెనాల్ జంక్షన్‌లో గుంటూరు దారి, తెనాలి దారి విడిపోయే తీరును ఆధారంగా తీసుకుని, విజయవాడలోని మా ఇంటి పై గదిలో ఒక మోడల్ రైలు లేఅవుట్ నిర్మించుకున్నాను. స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87. ఈ స్కేలులో తయారుగా దొరికే పట్టాల గేజి 16.5 మిల్లీమీటర్లు. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి మన పట్టాల వెడల్పు ఇందులో రాదు. అయినా పాయింట్లు (పట్టాలు రెండు దారులుగా చీలే చోట బండిని అటో ఇటో మళ్లించే అమరికలు), ఇంజన్లు, బోగీలు సులువుగా దొరికేది ఈ గేజిలోనే. పట్టాలు పరవడం అయ్యాక అసలు ప్రశ్న మిగిలింది: పాయింట్లను దేనితో తిప్పాలి? ఒకే లేఅవుట్ మీద నాలుగు పద్ధతులను పక్కపక్కనే అమర్చి వాడుతున్నాను. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఈ అభిరుచి ఉన్నవారికి పనికొస్తుందని ఆ నాలుగింటి గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ఈ సాధనాలను ఎంచుకునేటప్పుడు చాలామంది ధర, శబ్దం, కదలికలోని నెమ్మది చూస్తారు. అవన్నీ చూడవలసినవే. కానీ నేను అన్నిటికన్నా ముందు పెట్టే ప్రశ్న వేరు: టంగ్ రైలు, అంటే పాయింటులో అటూ ఇటూ జరిగే పట్టా, నిజంగా ఎటు ఆనుకుని ఉందో ఈ సాధనం మనకు చెబుతుందా, లేక మనం ఇచ్చిన ఆజ్ఞనే తిరిగి మనకు వినిపిస్తుందా? అసలు రైల్వేలో ఈ తేడాకు ఎంత విలువ ఉందో సిగ్నల్ విభాగంలో పనిచేసినవారికి తెలుసు. స్టాక్ రైలుకూ (పక్కనే ఉండే కదలని పట్టాకూ) టంగ్ రైలుకూ మధ్య 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కను అడ్డం పెట్టి పాయింటు తిప్పి చూస్తారు; అప్పుడు పాయింటు లాక్ కాకూడదు, డిటెక్షన్ (పాయింటు సరిగా కూర్చుందన్న సూచన) రాకూడదు. మోటారు తిరిగినంత మాత్రాన పాయింటు తిరిగినట్టు కాదన్నదే ఆ పరీక్షలోని అర్థం. ఆ 5 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 0.06 మిల్లీమీటర్ల లోపే వస్తుంది. నోటుపుస్తకపు కాగితం అంతకన్నా మందంగా ఉంటుంది. మన లేఅవుట్ మీద అంత కచ్చితత్వం సాధ్యం కాదు, అవసరమూ లేదు. అయితే ఆ పరీక్ష వెనుక ఉన్న ఆలోచనను మాత్రం తీసుకోవచ్చు.

నేను రెండు పరీక్షలు పెట్టుకున్నాను. మొదటిది కాగితం పరీక్ష. సన్నని కాగితపు ముక్కను స్టాక్ రైలుకూ టంగ్ రైలుకూ మధ్య ఉంచి పాయింటు తిప్పి, ఆ కాగితాన్ని మెల్లగా లాగాలి. గట్టిగా పట్టుకుని ఉంటే ఒత్తిడి సరిపోయినట్టు. జారి చేతిలోకి వచ్చేస్తే చక్రపు అంచు ఏదో ఒకనాడు ఆ సందులోకి దూరుతుంది. రెండవది కంకర పరీక్ష. లేఅవుట్ మీద చల్లే బ్యాలస్టు గింజ ఒకటి కావాలని మధ్యలో ఇరికించి పాయింటు తిప్పి, ప్యానెల్ (పాయింట్ల స్విచ్‌లు, దీపాలు ఉన్న పలక) ఏమి చూపిస్తుందో చూడాలి. లేఅవుట్ మీద నిత్యం జరిగేది ఇదే కాబట్టి ఇది ఊహించి పెట్టుకున్న పరీక్ష కాదు.

ముందుగా కాయిలు మోటారు. పీకో కంపెనీ పీఎల్-10 ఈ రకంలో అందరికీ తెలిసినది. రెండు కాయిళ్లు, మధ్యలో అటూ ఇటూ దూకే ఇనుప కడ్డీ, ఇంతే దీని నిర్మాణం. పీకో పాయింటు అడుగున ఉన్న రంధ్రాల్లో దీని కాళ్లు దూర్చి మెలితిప్పితే నేరుగా పాయింటుకే అంటుకుంటుంది. అందుకోసం బల్ల ప్లైవుడ్‌లో కంత కోయవలసి ఉంటుంది. పాయింటులోనే స్ప్రింగు ఉండటం వల్ల ఒకసారి అటు పడితే కరెంటు లేకపోయినా అక్కడే నిలుస్తుంది. కాగితం పరీక్షలో ఇది సులువుగా నెగ్గింది. అయితే కాయిలుకు కరెంటు క్షణకాలమే అందాలి. బటన్ ఇరుక్కున్నా, పిల్లలు నొక్కి పట్టుకున్నా కాయిలు కాలిపోతుంది.

దీనికి మందు కెపాసిటర్ డిశ్చార్జి యూనిట్. కెపాసిటర్‌లో నిండిన విద్యుత్తు ఒక్క దెబ్బలో కాయిలులోకి పోతుంది, బటన్ వదిలేదాకా మళ్లీ నిండదు కాబట్టి ఎంతసేపు నొక్కినా ప్రమాదం ఉండదు. తయారుగా కొనవచ్చు, కానీ దీనికి కావలసిన డయోడ్లు, ట్రాన్సిస్టరు, కెపాసిటర్లు గవర్నరుపేటలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరికేవే. సొంతంగా చేసుకునేవారికి ఒక్క హెచ్చరిక. 16 వోల్టుల ఏసీని డీసీగా మార్చితే కెపాసిటర్ మీద పడేది 16 కాదు, దానికి 1.414 రెట్లు, అంటే 22.6 వోల్టులు. ఇంట్లో ఓల్టేజి పెరిగిన రోజున అది ఇంకా ఎక్కువ అవుతుంది. అందువల్ల 25 వోల్టుల కెపాసిటర్ దుకాణదారు చేతిలో పెట్టినా తిప్పి ఇచ్చి 35 వోల్టులదే అడగాలి. 2200 మైక్రోఫారడ్లవి రెండు పక్కపక్కన కలిపితే ఒక పాయింటుకు నిక్షేపంగా సరిపోతుంది. కాయిలు కొన్ని ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది కాబట్టి టెలిఫోను తీగలాంటి సన్నని తీగ పనికిరాదు. దూరం పెరిగేకొద్దీ దెబ్బలో పస తగ్గిపోతుంది.

కాయిలు మోటారు గొప్పతనం యార్డులో కనిపిస్తుంది. డయోడ్లతో ఒక మ్యాట్రిక్స్ కట్టుకుంటే, నాలుగవ లూపు (పక్క లైను) బటన్ నొక్కగానే ఆ లూపుకు వెళ్లే పాయింట్లన్నీ ఒకేసారి సర్దుకుంటాయి. ఏ పాయింటు ఎటు ఉందో గుర్తుపెట్టుకునే భారం తప్పుతుంది. ఒకేసారి పలు పాయింట్లు తిప్పవలసి వస్తుంది కాబట్టి అక్కడ కెపాసిటర్ల సంఖ్య పెంచుకోవాలి. ఇక కంకర పరీక్ష సంగతి. ఠప్పున శబ్దం వచ్చింది, టంగ్ రైలు సగంలో ఆగింది, ప్యానెల్ మీద ఏ మార్పూ లేదు, ఎందుకంటే విడిగా స్విచ్ జత చేయనిదే ఈ మోటారు ఏ సమాచారమూ ఇవ్వదు. యార్డు నా కళ్ల ముందే ఉంటుంది కాబట్టి అక్కడ దీనితో నాకు ఇబ్బంది లేదు. కంటికి ఆనని చోట మాత్రం దీన్ని పెట్టను.

రెండవది సర్క్యుట్రాన్ కంపెనీ టార్టాయిస్. పేరుకు తగ్గట్టు నెమ్మదిగా, సుమారు మూడు సెకన్లలో టంగ్ రైలును ఒక పక్క నుంచి మరో పక్కకు జరుపుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అసలు పాయింటు మెషిన్ తిరిగినట్టే అనిపిస్తుంది. 12 వోల్టుల డీసీతో నడిచే ఈ మోటారు చివరికి చేరాక కూడా కరెంటు తీసుకుంటూ ఒత్తిడి నిలుపుతుంది, అయినా కాలిపోదు. అలా ఆగి ఉన్నప్పుడు తీసుకునేది సుమారు 16 మిల్లీ ఆంపియర్లే. ఇరవై మోటార్లు పెట్టుకున్నా మొత్తం 320 మిల్లీ ఆంపియర్లు; ఒక చిన్న అడాప్టరు చాలు. ఆ కరెంటు దారిలోనే రెండు ఎల్‌ఈడీలను ఎదురెదురు దిశల్లో కట్టి పెడితే, వేరే ఏర్పాటు ఏదీ లేకుండా ప్యానెల్ మీద దీపాలు వెలుగుతాయి. లోపల రెండు జతల కాంటాక్టులు ఉన్నాయి. పాయింటు మధ్యలో మన రైల్వేవారు క్రాసింగ్ అనీ మోడల్ రైళ్లవారు ఫ్రాగ్ అనీ పిలిచే లోహపు భాగానికి, పాయింటు తిరిగినప్పుడల్లా పోలారిటీ (ప్లస్, మైనస్) మారాలి, లేకపోతే ఇంజను అక్కడికి చేరగానే షార్ట్ అవుతుంది. ఒక జత కాంటాక్టులు ఆ పనికి, రెండవ జత సిగ్నల్‌కు వాడుకోవచ్చు. పీకో పాయింటుకు దీన్ని తగిలించేముందు అందులోని స్ప్రింగు తీసివేయాలి.

ఇన్ని మంచి గుణాలున్నా దీన్ని అన్ని పాయింట్లకూ పెట్టమని చెప్పలేను. ఒకటి ధర. విదేశం నుంచి రావాలి, కొరియరు, కస్టమ్స్ కలిపితే ఒక్క టార్టాయిస్ డబ్బుతో పదికి పైగా సర్వోలు వస్తాయి. రెండు, ఎత్తు. బల్ల కింద దాదాపు 85 మిల్లీమీటర్లు కిందికి వేలాడుతుంది. మన ఇళ్లలో లేఅవుట్ కింద ఖాళీగా వదిలే అలవాటు లేదు, పెట్టెలు, బియ్యం డబ్బాలు ఏవో ఒకటి ఉంటాయి. కంకర పరీక్షలో ఇది నా ఆశను పూర్తిగా నిలబెట్టలేదు. గింజ అడ్డుపడ్డా పైకి వెళ్లే స్ప్రింగు తీగ వంగిపోయి మోటారు తన ప్రయాణం తాను పూర్తి చేసింది, కాంటాక్టులు మారాయి, దీపం రివర్స్ (పక్కదారికి తిరిగింది; మామూలు స్థానాన్ని నార్మల్ అంటారు) అని చూపింది. టంగ్ రైలు మాత్రం మధ్యలోనే ఉంది. ఆ కాంటాక్టులు మోటారు చేతికి అంటి ఉంటాయే తప్ప పట్టాకు కాదు. ఇది ఈ ఒక్క యంత్రపు లోపం కాదు, స్ప్రింగు తీగ మధ్యన ఉన్న ప్రతి సాధనానికీ ఇదే వర్తిస్తుంది.

ఇక సర్వో. రేడియోతో నడిచే బొమ్మ విమానాల కోసం వచ్చిన ఎస్‌జీ90 రకం చిన్న సర్వోను ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలందరూ ప్రాజెక్టులకు వాడుతున్నారు, అందుకే మన ఊళ్లోనే దొరుకుతోంది. ధర నూరు, నూట యాభై రూపాయల చుట్టూ ఉంటుంది. తొమ్మిది గ్రాముల బరువు, 5 వోల్టుల సరఫరా, మూడు తీగలు. సెకనుకు 50 సార్లు పల్సు పంపాలి. పల్సు నిడివి సుమారు 1 నుంచి 2 మిల్లీ సెకన్ల మధ్య ఎంత ఉంటే దాన్ని బట్టి చేయి ఆ కోణానికి తిరుగుతుంది. ఆర్డుయినో బోర్డు (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఒకటి, పీసీఏ9685 అనే పదహారు చానళ్ల డ్రైవరు బోర్డు ఒకటి ఉంటే పదహారు పాయింట్లు తిప్పవచ్చు. ప్రోగ్రామ్‌లో 50 మిల్లీ సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున జరపమంటే 40 డిగ్రీల కదలికకు రెండు సెకన్లు పడుతుంది. టార్టాయిస్ అందం ఇక్కడికీ వస్తుంది. టంగ్ రైలు ఎంత జరగాలో స్క్రూడ్రైవరుతో కాకుండా అంకెలతో సరిచేసుకోవడం దీనిలోని గొప్ప సదుపాయం. వానాకాలంలో ప్లైవుడ్ తేమకు కొద్దిగా ఉబ్బినప్పుడు, బల్ల కింద దూరకుండా, కుర్చీలో కూర్చుని రెండు డిగ్రీలు మార్చుకుంటే సరిపోతుంది.

దీన్ని అమర్చడంలో మన ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది హాట్ గ్లూతోనో రెండు వైపులా అంటే ఫోమ్ టేపుతోనో సర్వోను బల్లకు అంటిస్తారు. మే నెలలో శ్లాబు కింద ఉన్న పై గది తలుపులు మూసి ఉంచితే ఆ జిగురు మెత్తబడి సర్వో కొంచెం కొంచెంగా జారుతుంది. కదలిక అంతా జారుడులోనే పోయి టంగ్ రైలుకు ఒత్తిడి అందదు. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో మిగిలిన యాంగిల్ ముక్కలు తెచ్చి, రంధ్రాలు వేసి, మరలతో బిగించడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి.

విద్యుత్తు విషయంలో కూడా సర్వో జాగ్రత్త అడుగుతుంది. ఇరుక్కుంటే ఒక్కొక్కటి అర ఆంపియరు దాటి లాగుతుంది, కాబట్టి ఆర్డుయినో 5 వోల్టుల కాలు నుంచి దీనికి సరఫరా ఇవ్వకూడదు. వేరే 5 వోల్టుల సరఫరా, దాని మీద పెద్ద కెపాసిటరు ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వోలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడి ఎటో తిరిగే అవకాశం ఉంది. బోర్డు ముందుగా మేల్కొని పల్సులు సిద్ధం చేసుకున్నాక, ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా సర్వోలకు సరఫరా అందేలా చేస్తే ఈ బెడద పోతుంది. పుష్ బటన్లకు బదులు ప్యానెల్ మీద టాగిల్ స్విచ్‌లు పెట్టుకుంటే ఇంకొక మేలు ఉంది. కరెంటు లేనప్పుడు కూడా పాయింటు స్థానాన్ని ఆ స్విచ్చే గుర్తుపెట్టుకుంటుంది, బోర్డు లేవగానే దాన్ని చదువుకుంటుంది. కొనేటప్పుడు ఒక మాట. ఎస్‌జీ90 పేరుతో రకరకాల తయారీలు అమ్ముడవుతున్నాయి, పైన స్టిక్కరు ఒకటే అయినా లోపలి పళ్ల చక్రాలు ఒకటి కావు. దుకాణంలోనే టెస్టరు పెట్టించి అటూ ఇటూ తిప్పించి, ఆగిన చోట గుంయ్‌మని మూలుగుతున్నవాటిని పక్కన పెట్టి మిగిలినవి తీసుకోవాలి.

సర్వోలో కాంటాక్టులు లేవు. దీనికి అందరూ చెప్పే పరిష్కారం, బోర్డు నుంచి ఒక రిలేను నడిపి ఫ్రాగ్ పోలారిటీ మార్చడం. ఆ పద్ధతిలో కంకర పరీక్ష చేస్తుండగా పక్కన నిలబడ్డ మా మనవడు, "తాతయ్యా, లైటు మారింది గానీ పట్టా మారలేదే" అన్నాడు. రిలే వినేది బోర్డు ఆజ్ఞను మాత్రమే, పట్టా సంగతి దానికి తెలియదు. అందుకని నేను మైక్రోస్విచ్ పద్ధతికి వెళ్లాను. టంగ్ రైళ్లను కలిపే థ్రోబార్‌కు ఒక సన్నని పొడిగింపు ఇచ్చి, దానికి రెండు వైపులా రెండు మైక్రోస్విచ్‌లు ఉంచాలి. పట్టా పూర్తిగా ఆనుకుంటేనే ఆ వైపు స్విచ్ నొక్కుకుంటుంది. నార్మల్ స్విచ్ పలికితే నార్మల్ దీపం, రివర్స్ స్విచ్ పలికితే రివర్స్ దీపం, ఆజ్ఞ ఇచ్చిన నాలుగు సెకన్లకు కూడా ఏదీ పలకకపోతే దీపం మిణుకుతుంది. నిజమైన ప్యానెల్ మీద కూడా పాయింటు సరిగా కూర్చోకపోతే సూచన అలాగే మిణుకుతుంది. మైక్రోస్విచ్ లివరు మెత్తగా నొక్కుకునే రకం తీసుకోవాలి, గట్టిదైతే టంగ్ రైలునే వెనక్కి తోస్తుంది. ఈ అమరిక కాగితం మందాన్ని పసిగట్టదు. కంకర గింజను మాత్రం ప్రతిసారీ పట్టింది. సర్వోకూ రెండు మైక్రోస్విచ్‌లకూ కలిపి అయ్యే ఖర్చు టార్టాయిస్‌లో చిన్న భాగమే, పైగా అది నిజం చెబుతోంది.

నాలుగవది చేతి పద్ధతి. ఖర్చు అన్నిటికన్నా తక్కువ, నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది. బల్ల అంచున ఆరు కాళ్ల స్లైడ్ స్విచ్ ఒకటి బిగించి, దాని పిడికి రంధ్రం వేసి, సైకిలు స్పోకు ఒకటి తగిలించి, ఆ స్పోకును బల్ల కింద సన్నని ప్లాస్టిక్ గొట్టంలోంచి పాయింటు వరకు తీసుకెళ్లాలి. స్విచ్ లాగితే పట్టా జరుగుతుంది, అదే కదలికలో స్విచ్ కాంటాక్టులు ఫ్రాగ్ పోలారిటీని మారుస్తాయి. స్పోకునే ఎందుకు ఎంచుకున్నానంటే, దాని ఒక కొనకు మర ఉంటుంది, ఆ మరకు నిపుల్ ఉంటుంది. నిపుల్‌ను అర చుట్టు తిప్పితే కడ్డీ పొడవు వెంట్రుకవాసి మారుతుంది. కాగితం పరీక్షకు తగినట్టు సరిచేయడానికి ఇంతకన్నా సున్నితమైన ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు. స్లైడ్ స్విచ్ కదిలే దూరం పట్టా కదలవలసిన దూరం కన్నా ఎక్కువ కాబట్టి, మిగులు కదలికను మింగడానికి థ్రోబార్ దగ్గర సన్నని స్ప్రింగు తీగతో ఒక వంపు ఇవ్వాలి. ఆ వంపును వీలైనంత గట్టిగా ఉంచుకుంటేనే లాభం. ఎందుకంటే కంకర గింజ అడ్డం పడినప్పుడు స్విచ్ సగంలోనే బిగుసుకుంటుంది. తేడా వేలికి తెలిసిపోతుంది. దీపం చూడనక్కరలేదు, ప్యానెల్ చూడనక్కరలేదు. పాత సిగ్నల్ కేబిన్లలో లివరు లాగినవారికి తీగలోనూ రాడ్డులోనూ ఏ తేడా ఉన్నా చేతికే తెలిసేది. పరిమితి ఒక్కటే: స్పోకు పొడవు అడుగు దాటదు కాబట్టి అంచుకు అడుగు దూరం లోపలి పాయింట్లకే ఇది కుదురుతుంది. ఇంకా లోపలికి అతుకులతో పొడిగించవచ్చు, కానీ ప్రతి అతుకు దగ్గరా లూజు చేరి ఆ స్పర్శ పోతుంది.

డీసీసీ పద్ధతిలో, అంటే పట్టాల ద్వారానే డిజిటల్ ఆజ్ఞలు పంపి, రైళ్లు నడిపేవారు పాయింట్లకు కూడా డీకోడర్లు (ఆ ఆజ్ఞలను చదివి అమలుచేసే బోర్డులు) పెట్టుకోవచ్చు. డిజిట్రాక్స్ డీఎస్64 వంటిది ఒక్కటి నాలుగు పాయింట్లు తిప్పుతుంది, ఉచితంగా దొరికే జేఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేరుతో కంప్యూటరు తెర మీదే ప్యానెల్ గీసుకోవచ్చు. నాకు బండి కదులుతుండగా రిమోటు మీద అంకెలు నొక్కి పాయింటు పిలవడం నచ్చలేదు. డీకోడర్లు కొనేవారు వాటి సరఫరాను పట్టాల సరఫరా నుంచి తప్పకుండా వేరు చేసుకోవాలి. పాయింటు తప్పుగా ఉన్నవైపు ఇంజను వెళ్లి షార్ట్ అయితే పట్టాల కరెంటు ఆగిపోతుంది. డీకోడరు కూడా ఆ కరెంటు మీదే ఉంటే ఆ పాయింటును వెనక్కి తిప్పే దారి కూడా ఉండదు.

ప్యానెల్ విషయంలో ఒక్క సూచన. నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో యాక్రిలిక్ పలక మీద లైను డయాగ్రమ్ కోయించుకోవచ్చు. పాయింట్ల దీపాలకు ఎరుపు, ఆకుపచ్చ వాడవద్దు. మన రైల్వే ప్యానెళ్ల మీద లైనులో ఎరుపు వెలిగిందంటే అక్కడ బండి ఉన్నట్టు. పాయింటు ఎటు ఉన్నా పసుపు దీపమే ఆ దారిన వెలిగేలా పెడితే చూడగానే దారి కనిపిస్తుంది, తర్వాత ట్రాక్ సర్క్యూట్లు (పట్టా మీద బండి ఉందో లేదో పసిగట్టే ఏర్పాట్లు) చేర్చుకున్నప్పుడు ఎరుపును దానికోసం ఉంచుకోవచ్చు.

కొత్తగా లేఅవుట్ వేసేవారికి నా సలహా ఇది. అంచు పాయింట్లన్నీ స్పోకులతో మొదలుపెట్టండి. ఖర్చు లేకుండా బండ్లు తిరగడం మొదలవుతుంది. మెయిన్ లైనులో ఫేసింగ్ పాయింట్లకు, అంటే బండి ఎటు వెళ్లాలో తేల్చే పాయింట్లకు, సర్వో, రెండు మైక్రోస్విచ్‌లు పెట్టండి. యార్డుకు కాయిళ్లు, డయోడ్ మ్యాట్రిక్స్. కొండ కిందో వంతెన కిందో చెయ్యి దూరని చోట ఒకటీ అరా పాయింటు ఉంటే అక్కడ మాత్రం టార్టాయిస్ డబ్బు పెట్టండి, దాని థ్రోబార్‌కు కూడా మైక్రోస్విచ్‌లు జతచేయండి. సర్వోలు అవసరానికి మించి నాలుగైదు ఒకేసారి, ఒకే లాటులోంచి కొని ఉంచుకోండి. తర్వాత కొన్నది వేరే తయారీదైతే బ్రాకెట్ రంధ్రాలు కుదరవు, కోణాల అంకెలన్నీ మళ్లీ మొదటి నుంచి సరిచేయవలసి వస్తుంది.